వలందుల రేవులు – ఉత్తర తెలంగాణ ఉక్కు: ఒక పరిశీలన

మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. హాలెండు దేశస్థులను వలందులని, ఫ్రెంచివారిని పరాసులని తెలుగువారు వ్యవహరించిన కాలానికి ఈ పేర్లు సాక్ష్యం. వచ్చినవారిని నేల తన పేర్లలో దాచుకొన్నది. అయితే ఆ వచ్చినవారు ఓడలకెత్తిన సరుకును తయారుచేసిన ఊళ్ళ పేర్లు రేవుల చరిత్రలో అరుదుగా కనిపిస్తాయి. ఆ సరుకుల్లో ఒకటైన ఉక్కును ఆధారం చేసుకొని, తీరపు చరిత్రను కరీంనగర్, ఆదిలాబాదు సీమల వైపునుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

రేవుల వరుస

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుబడిలో 1606 నాటికి మచిలీపట్నం, నిజాంపట్నాలలో దాని వర్తక స్థావరాలు వెలిశాయి. దక్షిణపు గాలి వీచే రోజులలో తీరం వెంబడి ఓడ సాగితే నిజాంపట్నం, మచిలీపట్నం, గోదావరి వశిష్ఠ పాయ మీది నరసాపురం, కాకినాడ పక్కన జగన్నాథపురం, గోస్తనీ ముఖద్వారాన భీమునిపట్నం వరుసగా ఎదురవుతాయి. వీటిలో కొన్ని ముందుగా, కొన్ని తర్వాత డచ్చివారి వర్తకంతో ముడిపడ్డాయి. 1824 నాటి ఆంగ్ల–డచ్చి ఒప్పందాన్ని అనుసరించి మరుసటి ఏడాది మిగిలిన స్థావరాలు ఆంగ్లేయుల పరమయ్యాయి.

ఆ కంపెనీ సొంత దేశంలోని రేవుల గతి వేరు. కంపెనీ ఆరు శాఖలలో రెండింటికి హోర్న్, ఎంక్‌హౌజెన్ పట్టణాలు కేంద్రాలు. 1932లో అడ్డుకట్ట పూర్తికావడంతో అక్కడి సముద్రపు పాయ క్రమంగా మంచినీటి సరస్సుగా మారింది. ఓడల వర్తకం పోయినా రేవులు నిలిచాయి. నేటికీ యాత్రికులు తెరచాప పడవలలో వారం రోజులు ఆ పట్టణాలను చుట్టివస్తారు. తెలుగు తీరాన అటువంటి అఖండమైన జ్ఞాపకం లేదు. 1864 నవంబరు ఉప్పెనలో మచిలీపట్నం పరిసరాల్లో సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. బందరులోనూ భీమిలిలోనూ వలందుల సమాధులు మాత్రం మిగిలాయి. వాటి మీద వంశచిహ్నాలూ, పేర్లూ, తేదీలూ చెక్కి ఉన్నాయి.

రేవు నుంచి లోపలికి

మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకును చిన్న పడవలు చేరవేసేవి. కాబట్టి రేవు అనేది అక్కడ కట్టడం కన్నా ఒక ఏర్పాటు. ఆ ఏర్పాటుకు ప్రాణం వెనుకనున్న నేల. డచ్చివారు ఈ సంగతి త్వరగానే గ్రహించారు. వారి స్థావరాలు సముద్రపుటొడ్డున ఆగక పాలకొల్లుకు, ద్రాక్షారామానికి, నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచకు, చివరికి గోల్కొండకు చేరాయి. ఈ ప్రాంతంలో ఉద్యోగం చేసిన డేనియల్ హావర్ట్ 1693లో ప్రచురించిన గ్రంథానికి కోరమాండల్ ఉత్థాన పతనాలనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. రేవుల ఉత్థాన పతనాలు లోనాడుతో ముడివడినవే. 1687లో గోల్కొండ మొగలాయిల వశమైనప్పుడు ఆ కుదుపు తీరానికీ తగిలింది.

రేవుకూ లోనాడుకూ గల ఈ బంధం వలందులతో మొదలైనది కాదు. గాలివానకు గట్టుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కొనే పాత ఆచారాన్ని మాని, సుంకం మాత్రమే తీసుకొంటామని మోటుపల్లిలో 1244లో అభయమిచ్చినవాడు గణపతిదేవుడు. ఆయన రాజధాని సముద్రానికి దూరమైన ఓరుగల్లు. కుతుబ్‌షాహీల కాలంలోనూ కరీంనగర్ సమీపంలోని ఎలగందుల దుర్గం, మచిలీపట్నం రేవు ఒకే ప్రభుత్వం కింద ఉన్నాయి.

కొలుముల సీమ

నిర్మల్, జగిత్యాల, కోనసముద్రం పరిసరాలు ఉక్కుకు పేరుపొందినవి. వీటిలో కోనసముద్రం నిజామాబాదు సీమలోనిదైనా గోదావరి కిరువైపులా విస్తరించిన ఒకే పరిశ్రమలో భాగం. 17వ శతాబ్దిలో ఇటుగా ప్రయాణించిన తెవెనో ఇందల్వాయిలో తయారయ్యే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతటా అమ్ముడవుతున్నాయని రాశాడు. పారసీక ఖడ్గాలకు గోల్కొండ ఉక్కే తగినదని తావెర్నియే పేర్కొన్నాడు. 1824లో మరణించిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయిసీ కోనసముద్రపు పరిశ్రమను స్వయంగా చూశాడు. అతని వివరణ 1832లో అచ్చయింది. రెండు తావుల ఇనుమును కలిపి, మట్టి మూసలలో బిగించి, తిత్తులతో ఊదుతూ కరిగించే పద్ధతిని అతడు నమోదు చేశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాంవేసి ఉక్కు ముద్దలను కొనడం కూడా చూశాడు. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2010లో జరిపిన క్షేత్ర పర్యటన ఉత్తర తెలంగాణలో కొలుముల ఆనవాళ్ళు ఎంత విస్తారమైనవో చూపింది.

గోదావరి ఈ సీమనుంచే డెల్టాకు దిగుతుంది. కాని సరుకుకు నది నేరుగా దారి ఇవ్వలేదు. దుమ్ముగూడెం దగ్గరా, ఇచ్చంపల్లి దగ్గరా రాతి మిట్టలు పడవలను అడ్డగిస్తాయి. 19వ శతాబ్దిలో ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఎగువ గోదావరి జలమార్గం కూడా ఈ అడ్డంకుల దగ్గరే చిక్కుకొని 1871లో ఆగిపోయింది. ఈ సీమ బరువును మోసినవి బండ్లూ, పెరికెటెద్దులూ. తీరపు ఉప్పును లోనాటికి చేర్చిన లంబాడీ బిడారుల దారులు రేవుల చరిత్రలో చేరవలసిన అధ్యాయం.

పేరు మార్పు

ఉక్కు ప్రయాణంలో దాని పేరు మెట్టుమెట్టుకూ మారింది. తయారైన చోట అది ఫలానా ఊరి ఉక్కు. రాజ్యం ఎల్లలు దాటేసరికి గోల్కొండ ఉక్కు. దానితో చేసిన ఖడ్గం పశ్చిమాసియాలో డమాస్కస్ ఖడ్గం. మన భాషల ‘ఉక్కు’ పదమే ఇంగ్లీషులో ‘వూట్జ్’గా మారిందని పలువురి అభిప్రాయం. చేసినవారి మాట ప్రపంచ నిఘంటువులకెక్కింది, చేసిన ఊరు మాత్రం ప్రతి మజిలీలోనూ ఒక అడుగు వెనక్కి జరిగింది. కనుక ఉత్తర తెలంగాణ పేరు రేవుల చరిత్రలో కనిపించకపోవడం అక్కడి శ్రమ లేకపోవడానికి నిదర్శనం కాదు. అది సరుకుకు పేరుపెట్టే అధికారం ఎవరి చేతిలో ఉన్నదో తెలిపే నిదర్శనం.

ముగింపు

వలందుల సమాధులు వర్తకుని పేరును రాతిలో నిలిపాయి. కమ్మరి స్మారకం ఇనుప చిట్టెపు దిబ్బ. దానిమీద పేరుండదు, పొలం చదును చేసినప్పుడు అది మాయమవుతుంది. ఆ పేరులేని పక్షాన మాట్లాడగలిగినది భాష. కొలిమి, మూస, తిత్తి, చిట్టెం వంటి వృత్తిపదాలు, చిట్టెం కుప్పల పక్కనున్న ఊళ్ళ పేర్లు, కొలుముల వారి కొలువులు, కథలు సేకరించడం ఈ కారణంగా తెలుగు శాఖల పని కూడా. బందరు రాతిమీది లిపిని చదివినంత శ్రద్ధగా నిర్మల్, జగిత్యాల ఊళ్ళలోని మాటలను చదివినప్పుడే వలందుల రేవుల చరిత్ర తెలుగువారి చరిత్రగా పూర్తవుతుంది.