సుబ్బికి పలకేది?

"ఆడపిల్లకి చదువెందుకమ్మా, ఉద్యోగాలు చెయ్యాలా, ఊళ్ళేలాలా?" మన నానమ్మలు ఈ మాట వింటూనే పెరిగారు. దానికి విజయనగరంలో ఒకాయన నాటకంతో జవాబు చెప్పారు.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో, విజయనగరంలోనే. ఆ రోజుల్లో విజయనగరం విశాఖపట్నం జిల్లాలోది. ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ లెక్క ఆనంద గజపతి మహారాజు తీయించారు. మూడేళ్ళలో 1034! ఆ పెళ్ళికూతుళ్ళలో 99 మందికి ఐదేళ్ళు. ముగ్గురికైతే ఒక్క ఏడే!

అంకెలు చూస్తే 'అయ్యో' అంటాం, కాగితం మడిచి పెట్టేస్తాం. గురజాడవారు ఆ అంకెకి ఓ ఇల్లూ వాకిలీ ఇచ్చారు. అగ్నిహోత్రావధాన్లుగారి కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువు వెలగబెడుతుంటాడు. చెల్లెలో అక్కో గాని, సుబ్బిని మాత్రం ముసలి లుబ్ధావధాన్లుకి 1800 రూపాయలకి కట్టబెట్టాలని బేరం. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. ఆ ఇంట్లో చదువు ఖర్చు కొడుకుది, పెళ్ళి రాబడి కూతుళ్ళది!

ఇదే ఉపన్యాసంగా చెబితే జనం లేచిపోదురు. ఆయన నవ్వించి కూర్చోబెట్టారు. 1909లో తిరగరాసిన నాటకం చివర సౌజన్యారావు పంతులుగారు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తారు. ముందు చదువు, పెళ్ళి మాట తర్వాత ఆవిడ ఇష్టం! మరుసటేడు వచ్చిన 'దిద్దుబాటు' కథలో కమలిని దారితప్పిన మొగుణ్ణి ఒక్క ఉత్తరంతో దారికి తెస్తుంది. రాయడం వచ్చు గనకే కదా!

ఇదంతా పాతకథే అనుకుందామంటే, 2021లో తాలిబాన్లు కాబూల్‌ని పట్టుకున్నాక ఆఫ్ఘనిస్తాన్‌లో ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకి బడి మూసేశారు. 2022 డిసెంబరులో యూనివర్సిటీలూ మూశారు. ఆ దేశపు చిత్రకారిణి షంసియా హసానీ కాబూల్ గోడలమీద గీసిన ఆడపిల్లలకి కళ్ళు మూసి ఉంటాయి, నోరుండదు. చూసినవాళ్ళు వాళ్ళని మరిచిపోలేరు.

బొమ్మలూ నాటకాలూ బడి తలుపులు తెరవలేవు, నిజమే. బాల్యవివాహాలమీద శారదా చట్టం 1929కి గాని రాలేదు. కాని అంకెల్లో తప్పిపోయిన పిల్లని మన కళ్ళముందు నిలబెట్టేది కళే. ఈసారి 'కన్యాశుల్కం' చూస్తే గిరీశం మాటలకి హాయిగా నవ్వండి. నవ్వుతూనే, సుబ్బి చేతిలో పలక ఎందుకు లేదో మీ పిల్లల్ని అడగండి.