ఫ్యూజు మార్చొచ్చు, లైను లాగొద్దు

నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. కోటగిరి, బాన్సువాడ వైపు ముందు కాలవ నీళ్ళొచ్చాయి. ఇంటింటికీ కరెంటు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. తూము ఎత్తడానికి లష్కరు ఉండేవాడు. మరి ఇంట్లో తీగ ముట్టుకోవాల్సింది ఎవరు?

దీనికి 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో, 45వ నియమంలో జవాబుంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు ఎవరైనా మార్చుకోవచ్చు. వైరింగు సామర్థ్యం, స్వభావం మాత్రం మారకూడదు. కొత్త పాయింటు వేయాలన్నా, ఉన్న లైను పొడిగించాలన్నా లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. 2003 చట్టం తర్వాత, 2010లో వచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఈ గీత దాదాపు అట్లనే ఉంది.

మంచి గీతే. కానీ ఊళ్ళో పని చేసేది మోటర్ వైండింగు షాపులో నేర్చుకున్న పిల్లగాడు. లైసెన్సు ఉందా అని అడిగేవాళ్ళెవరు? ఫ్యూజు మాటే చూడండి. మార్చుకోమంది చట్టమే. ఫ్యూజు వైరు దొరకక లావుపాటి రాగి తీగ చుడితే ఆ గీత దాటినట్టే, ఆ సంగతి ఎవరికీ తట్టదు.

అసలు ఫ్యూజు ఉన్నది వైరు కాలిపోకుండా, మనిషి కోసం కాదు. ఐదు ఆంపియర్లకు గానీ తెగని ఫ్యూజు పక్కనుండగానే, అందులో వందో వంతు కరెంటు కూడా ప్రాణం తీయగలదు. 30 మిల్లీఆంపియర్లు లీకయితే లైను కట్ చేసే పరికరం వేరే ఉంటుంది. దానికన్నా ముందు, సరైన ఎర్తింగు ఉండాలి. కూలర్ ప్లగ్గుకు మూడో పిన్ను విరిచేసినా, రేకుల అంచున రాసుకుని తోలు ఊడిన వైరు దండేనికి తగిలినా, తడిబట్ట ఆరేసే చెయ్యి చాలు. మన పేపర్లలో దండెం చావుల వార్తలు తరచూ చూస్తూనే ఉంటాం.

సొంతంగా లాగిన తీగ కథ ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. మధ్యప్రదేశ్‌లో ఒకాయన రాత్రిపూట సైకిల్ మీద ఇంటికి పోతూ, వాననీళ్ళలో పడున్న కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఎవరో కొక్కెం వేసి దొంగకరెంటు లాక్కున్నాడు, అదే ఊడిపడింది, తప్పు మాది కాదంది విద్యుత్ బోర్డు. దొంగకరెంటు ఆపడం కూడా మీ పనేనంటూ 2002లో కోర్టు బోర్డునే బాధ్యురాలిని చేసింది. ఆయన భార్య శైల్ కుమారి పేరుతోనే ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

అది వీధి తీగ సంగతి. మీటరు దాటి ఇంట్లోకొచ్చిన వైరింగు మాత్రం ఇంటివాళ్ళ పూచీ. అద్దె ఇళ్ళల్లో అయితే వైరు లాగింది ఒకరు, దండెం కట్టింది ఇంకొకరు, పొద్దున్నే బట్టలు ఆరేసేది మూడో మనిషి.