పొయ్యి మీద దువ్వెన

చూడటానికి మామూలు దువ్వెనే. పళ్లు ఇత్తడివో ఉక్కువో, పిడి కొయ్యది. దీన్ని పొయ్యి మంట మీద కాలుస్తారు. కాగితం మీదో పాతగుడ్డ మీదో ఒత్తి వేడి చూస్తారు. జిడ్డు పట్టించిన జుట్టును పాయలుగా విడదీసి, కుదుళ్ల నుంచి కొసల దాకా లాగుతారు. అమెరికాలోని నల్లజాతి ఇళ్లలో ఎన్నో తరాల ఆడపిల్లలు శనివారం రాత్రి వంటింట్లో, చెవి మడిచి పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మర్నాడు చర్చికి వెళ్లాలి, సోమవారం బడికి వెళ్లాలి. చెయ్యి కాస్త జారితే చెవి అంచునో మెడ వెనకో కాలుతుంది.

ఆ తల్లులకు పిల్లల మీద ప్రేమ లేక ఈ పని చేయలేదు. తలలో మొలిచింది మొలిచినట్టు ఉంచుకుని వెళితే బడిలో, కొలువులో, ఊళ్లో ఆ పిల్లకు ఏం ఎదురవుతుందో వాళ్లకు తెలుసు. వేడి దువ్వెన చరిత్రను సోకుల చరిత్రగా చదివితే ఈ భయం కనబడదు.

ఆ జుట్టుకు అంతకుముందు గొప్ప గౌరవం ఉండేది. పశ్చిమ ఆఫ్రికాలో యోరుబా, వోలోఫ్, మెండే వంటి జాతుల్లో జడ అల్లిక చూసి మనిషి ఏ వంశమో, పెళ్లయిందో లేదో, ఏ వయసులో ఉందో చెప్పగలిగేవారు. గంటల తరబడి కూర్చుని ఒకరికొకరు అల్లుకునేవారు. బానిస వ్యాపారులు మనుషుల్ని ఓడలెక్కించేటప్పుడు చాలామందికి గుండు గీశారు. పేరు, భాష, ఊరు పోగొట్టుకున్న మనిషికి తల మీది ఆనవాలు కూడా అలా పోయింది. అమెరికా తోటల్లో అల్లుకునే తీరిక లేదు, దువ్వెన లేదు, నూనె లేదు. తెల్లవారి జుట్టుతో పోల్చి దీన్ని ఉన్ని అన్నారు. ఆ మాట ఇళ్లలోకి కూడా పాకి, సాఫీగా ఉంటే మంచి జుట్టు, బిగువైన ఉంగరాలు తిరిగితే చెడ్డ జుట్టు అనే లెక్క మొదలైంది.

ఈ జుట్టు అందంగా లేదనే మాటకు అడ్డంగా నిలిచే సాక్ష్యం ఒకటుంది. 1786లో లూసియానాను ఏలుతున్న స్పెయిన్ గవర్నర్ ఎస్తెబాన్ మీరో, స్వేచ్ఛ పొందిన నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా తలకు గుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఈకలతో, నగలతో వాళ్లు చేసుకునే తలకట్టు మరీ చూపులు లాగుతోందని ఆయన ఫిర్యాదు. ఆ స్త్రీలు రంగురంగుల ఖరీదైన బట్టతో తలపాగాలు చుట్టి దాన్నే అలంకారంగా మార్చేశారు. వికారమైన దాన్ని దాచమని ఎవరూ చట్టం చేయరు.

1865లో బానిసత్వం రద్దయింది. స్వేచ్ఛ వచ్చినా పని ఇచ్చేవాళ్లు తెల్లవారే. ఆ తర్వాత కొన్నేళ్లకే ఫ్రాన్సులో మార్సెల్ గ్రాటో అనే క్షురకుడు 1870లలో కాల్చిన పటకారుతో తెల్ల దొరసానుల జుట్టుకు అలలు తేవడం నేర్పి పేరు తెచ్చుకున్నాడు. వేడి దువ్వెనకు వంశవృక్షం గీస్తే మొదటి కొమ్మ అక్కడే. దాన్ని ఫలానా రోజున ఫలానా మనిషి కనిపెట్టాడని చెప్పడం కుదరదు.

చాలా పుస్తకాలు ఆ ఘనతను మేడమ్ సి.జె. వాకర్‌కు కట్టబెట్టాయి. అది నిజం కాదు, కానీ ఆమె కథ వదిలేసేది కాదు. 1867లో లూసియానాలోని డెల్టాలో పుట్టిన సారా బ్రీడ్‌లవ్ ఆమె. సెయింట్ లూయిస్‌లో బట్టలుతికి బతికింది. నీళ్ల వసతి లేక, తలలో పుండ్లు పడి జుట్టు రాలిపోయింది. అదే ఊళ్లో ఆనీ మలోన్ అనే నల్లజాతి స్త్రీ తలకు మందులు తయారుచేసి ఇంటింటికీ అమ్మిస్తుంటే, సారా ఆమె దగ్గర అమ్మకందారుగా చేరింది. తర్వాత డెన్వర్ వెళ్లి సొంత లేపనం మొదలుపెట్టింది. 1910లో ఇండియానాపొలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. తల కడగడం, మందు పట్టించడం, వేడి దువ్వెనతో తీర్చడం కలిపి ఒక పద్ధతిగా వేలమంది స్త్రీలకు నేర్పింది. వంటమనిషిగా, చాకలిగా తప్ప ఇంకో దారి లేని స్త్రీలకు అది సొంత సంపాదన. జుట్టు సాగదీసే మనిషి అని పిలిస్తే వాకర్ ఒప్పుకునేది కాదు, జుట్టు పెంచేదాన్నని చెప్పేది. ఆమె పద్ధతి దువ్వెనను ఎన్నో ఇళ్లకు చేర్చింది. ఎందరికో అన్నం పెట్టింది. ఆ రెండూ కలిసే ఉన్నాయి, విడదీసి ఒకదాన్నే చెప్పడం అన్యాయం.

దువ్వెన చేసే పని తాత్కాలికం. వెంట్రుకలోని ప్రోటీను పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు వేడికి వీడతాయి, పోగులు లాగిన తీరుకు సాగి నిలుస్తాయి. తడి తగిలితే మళ్లీ పాత పట్టు పడతాయి. అంటే వాన, చెమట, ఆవిరి అన్నీ శత్రువులే. ఆటస్థలంలో పరిగెత్తే పిల్లకు, కొలనులో దూకే పిల్లకు అమ్మ రెండు గంటల శ్రమ గుర్తుకొస్తుంది. ఈత కొలనులు తెల్లవారికే అని దశాబ్దాల పాటు గేట్లు మూసిన దేశంలో, ఆ గేట్లు తెరిచాక కూడా చాలామంది ఆడపిల్లలు గట్టునే కూర్చున్నారు. గుబురైన జుట్టు పట్టేలా పెద్దగా కుట్టిన సోల్ క్యాప్ టోపీని 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు ముందు అంతర్జాతీయ ఈత సమాఖ్య కాదంది. తల సహజ ఆకృతికి అది సరిపోదన్నది కారణం. ఎవరి తలను సహజమని లెక్కేశారో చెప్పనక్కరలేదు. విమర్శలు చెలరేగాక 2022లో అనుమతించారు.

తడికి లొంగని సాఫీతనం కోసం రసాయనం వచ్చింది. 1954లో షికాగోలో జార్జ్ జాన్సన్ 250 డాలర్ల అప్పుతో మగవాళ్ల కోసం ఒక రిలాక్సర్ మొదలుపెట్టాడు, కొన్నేళ్లలో స్త్రీలకూ తెచ్చాడు. ఇలాంటి మందుల్లో చాలావాటి సత్తువ కాస్టిక్ సోడాది. అది వెంట్రుకలోని గంధకపు బంధాల్నే తెంచుతుంది, కాబట్టి మళ్లీ ఉంగరం తిరగదు. కుదుళ్ల దగ్గర కొత్త జుట్టు మొలవగానే మళ్లీ పూయాలి. తల మంట పుడుతున్నా ఇంకొంచెం ఓర్చుకోమంటారు. 1990ల నాటికి చిన్నపిల్లల కోసమే ప్రత్యేకంగా, నవ్వే పాపల బొమ్మలతో రిలాక్సర్ పెట్టెలు దుకాణాల్లో ఉన్నాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ పెట్టె. 2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 33,497 మంది స్త్రీలను దాదాపు 11 ఏళ్లు గమనించిన అధ్యయనం వెలువడింది. సాఫీ మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ల లోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉంటే, తరచూ వాడినవారిలో 4.05 శాతమని అంచనా కట్టింది. మందే కారణమని ఇది రుజువు చేయదు, సంబంధం ఉందని చెబుతుంది. వాడేవాళ్లలో నల్లజాతి స్త్రీలే ఎక్కువ కాబట్టి భారం ఎవరి మీద పడుతుందో తెలుస్తూనే ఉంది.

1960లలో పౌరహక్కుల పోరాటం ముదిరాక ఆఫ్రో వచ్చింది. దువ్వెనను అటకెక్కించి, జుట్టును గుండ్రంగా పెరగనిచ్చారు. వీధిలో ఆఫ్రో గెలిచినా, కోర్టులో జడలు ఓడాయి. రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని తలకు అంటిపెట్టుకునేలా సన్నని జడలు వేసుకుంటే అమెరికన్ ఎయిర్‌లైన్స్ అభ్యంతరం చెప్పింది. 1981లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు సంస్థ నిబంధనను సమర్థించింది. ఆఫ్రో పుట్టుకతో వచ్చేది, జడలు ఎప్పుడైనా విప్పుకోగలిగేవని దాని తర్కం. అంతటితో ఆగక, బో డెరెక్ అనే తెల్ల నటి సినిమాలో అలాంటి జడలతో కనబడ్డాకే ఈమె వేసుకుందని సంస్థ చేసిన వాదనను కూడా తీర్పులో ప్రస్తావించింది. వేల ఏళ్ల అల్లికకు ఒక సినిమాను మూలంగా చూపించారు.

మన తిరుమల ఈ కథలోకి వచ్చేది సవరాల దారిలో. తలకు దగ్గరగా జడలల్లి, వాటికి పరాయి జుట్టును కుట్టే పద్ధతిలో సాఫీ జుట్టుకు గిరాకీ ఉంది. కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. కొన్నేళ్ల బడ్జెట్లలో ఆ రాబడి అంచనా వంద కోట్లు దాటింది. కొన్న వ్యాపారులు శుభ్రం చేసి, కొలతల వారీగా కట్టలు కట్టి ఎగుమతి చేస్తారు. తనకు మంచి జుట్టు ఎందుకు లేదని చిన్న కూతురు అడిగిన ప్రశ్నతో అమెరికా హాస్యనటుడు క్రిస్ రాక్ 2009లో తీసిన డాక్యుమెంటరీ ఆ కట్టల వెంట భారతదేశం దాకా వచ్చింది. మొక్కు తీర్చుకున్న మనిషికి ఆ ప్రశ్న తెలియదు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ఉన్నప్పుడు మనిషి ఏ జాతో తేల్చడానికి జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. జారిపడితే తెల్లవారు, నిలిస్తే కాదు. ఆ పాలన పోయాక 2016 ఆగస్టులో ప్రిటోరియా బాలికల పాఠశాలలో, ఆఫ్రో సర్దుకోవాలన్న ఆంక్షలపై పిల్లలు తిరగబడ్డారు. పదమూడేళ్ల జులైఖా పటేల్ పిడికిలి బిగించి ముందు నిలబడింది. ప్రభుత్వం జోక్యం చేసుకుని ఆ నిబంధనను నిలిపివేయించింది. మరుసటి ఏడాది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్‌లో ఒక బడి, జడలకు సవరం కలిపారని కవల అక్కచెల్లెళ్లను శిక్షించింది. పరుగు పందేలకూ బడి వేడుకకూ రానివ్వలేదు. అదే సవరం అయిదేళ్లకు ఆ రాష్ట్రంలో జుట్టును బట్టి వివక్షను నిషేధించే చట్టానికి దారి తీసింది.

కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం చేసి, జడలు, ఆఫ్రో, మెలికలను బట్టి బడిలోనూ కొలువులోనూ వివక్ష చూపకూడదంది. ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారిన నడిచాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. కాబట్టి ఒక రాష్ట్రంలో హక్కుగా వేసుకున్న జడలతో పిల్ల ఇంకో రాష్ట్రపు బడిలో చేరేటప్పుడు, తల్లి ముందుగా ఆ బడి నియమావళిలో జుట్టు గురించి ఏం రాశారో చదువుకోవాలి.