తెర మరచిపోని బొమ్మ

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కొని పన్నెండు రోజులైందట. వాళ్ల నాన్నగారు చీటీ పాడి తెచ్చిన డబ్బుతో కొన్నారు. ప్రాక్టికల్ రికార్డు కోసం ముందురోజు రాత్రంతా ఒకే పేజీ తెరిచి ఉంచింది. పొద్దున ఆ పేజీ మూసేసినా దాని గళ్ల గీతలు, పైన ఉండే పట్టీ బూడిదరంగు మీద పలచని నీడల్లా అలాగే ఉన్నాయి. దుకాణం వాళ్లు "మీరే ఏదో చేసుంటారు, తెర కాలిపోయింది" అని చెప్పి పంపేశారు. "సార్, నిజంగా కాలిపోయిందా?" అని అడిగింది. ఇంట్లో ఈ సంగతి ఇంకా చెప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఆ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని తెర "కాలడం" అనే మాట ఎక్కడ పుట్టిందో, ఇప్పటి తెరలకు అది ఎంతవరకు వర్తిస్తుందో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. ఈ పాఠంలో ఆ దారి చూద్దాం.

1897లో స్ట్రాస్‌బర్గ్‌లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అనే భౌతికశాస్త్రవేత్త కాథోడ్ కిరణ నాళికను తయారుచేశాడు. గాలి తీసేసిన గాజు గొట్టం, ఒక చివర ఎలక్ట్రాన్ పుంజం, రెండో చివర ఆ పుంజం తగిలితే వెలిగే పూత. ఈ పూతను ఫాస్ఫర్ అంటారు. మనం భాస్వరం అని పిలిచే ఫాస్ఫరస్ మూలకం వేరు, ఇది వేరు. పరీక్షల్లో చాలామంది రెండింటినీ కలిపేస్తారు. టీవీ గొట్టాల్లో ఎక్కువగా వాడినది జింక్ సల్ఫైడ్ వంటి సమ్మేళనాలను.

ఎలక్ట్రాన్లు వచ్చి గుద్దుకున్న ప్రతిసారీ ఫాస్ఫర్ వెలుగుతుంది, దాంతోపాటు అతి కొద్దిగా అరుగుతుంది. బొమ్మ కదులుతూ ఉంటే ఆ అరుగుదల తెరంతా సమానంగా పరుచుకుంటుంది కాబట్టి కంటికి తెలియదు. ఒకే అక్షరాలు నెలల తరబడి ఒకేచోట నిలిస్తే అక్కడి పూత మాత్రమే మసకబారుతుంది. అప్పుడు గొట్టం ఆపేసి ఉన్నా సరే ఆ అక్షరాలు గోధుమరంగు మరకలా చదవవచ్చు. దీన్నే ఇంజనీర్లు కాలిన మచ్చ అన్నారు. ఆ రోజుల్లో ఆ మాట సరైనదే, ఎందుకంటే పదార్థం శాశ్వతంగా దెబ్బతినేది.

తొలినాటి టీవీ గొట్టాల్లో ఇంకో వింత మచ్చ కూడా ఉండేది. తెర సరిగ్గా మధ్యలో గుండ్రంగా నల్లబడేది. ఇంటర్ భౌతికశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. ఒకే వోల్టేజితో వేగం పుంజుకున్న కణాలను అయస్కాంత క్షేత్రం వంచేటప్పుడు బరువైనవి తక్కువగా వంగుతాయి. కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లతో పాటు కొన్ని రుణ అయాన్లు కూడా బయలుదేరతాయి. ఎలక్ట్రాన్లతో పోలిస్తే అవి వేల రెట్లు బరువైనవి. ఎలక్ట్రాన్లు అయస్కాంత తీగచుట్టల మాట విని తెరంతా తిరుగుతుంటే, అయాన్లు దాదాపు తిన్నగా పోయి మధ్యలోనే గుద్దేవి. విద్యుత్ క్షేత్రంతో పుంజాన్ని వంచే గొట్టాల్లో ఈ మధ్యమచ్చ రాదు, అక్కడ వంపు ద్రవ్యరాశి మీద ఆధారపడదు కనుక. దీనికి మొదట కనిపెట్టిన ఉపాయం సరదాగా ఉంటుంది. ఎలక్ట్రాన్ తుపాకిని పక్కకు వంచి బిగించి, గొట్టం మెడ మీద చిన్న అయస్కాంతం పెట్టారు. అయస్కాంతం ఎలక్ట్రాన్లను మళ్లీ దారిలోకి తెచ్చేది, అయాన్లు మాత్రం లోపలి గోడకు కొట్టుకుని ఆగిపోయేవి. ఆ తరువాత ఫాస్ఫర్ వెనక పలచని అల్యూమినియం పొర వేయడం మొదలైంది. ఎలక్ట్రాన్లు ఆ పొరను దాటేవి, అయాన్లు దాటలేకపోయేవి. పైగా వెలుగు వెనక్కి పోకుండా చూసేవాళ్ల వైపు తిరిగేది.

నలుపు తెలుపు టీవీ చూసిన ఇళ్లల్లో పెద్దవాళ్లను అడగండి. స్విచ్ ఆపగానే బొమ్మ మధ్యకు ముడుచుకుపోయి, ఒక తెల్లని చుక్క కాసేపు వెలిగి ఆరిపోయేది. పుంజాన్ని తిప్పే క్షేత్రాలు వెంటనే పోయేవి, కాథోడ్ మాత్రం ఇంకా వేడిగానే ఉండేది, కాబట్టి మిగిలిన ఎలక్ట్రాన్లన్నీ మధ్యనే పడేవి. చిన్నప్పుడు ఆ చుక్క పూర్తిగా పోయేదాకా మేము అక్కడి నుంచి లేచేవాళ్లం కాదు.

బొమ్మ పట్టే కెమెరాకు కూడా ఈ బాధ తప్పలేదు. 1969 నవంబరులో అపోలో 12 వ్యోమగామి అలన్ బీన్ చంద్రుని మీద కలర్ టీవీ కెమెరాను మరో చోటికి మారుస్తుండగా అది సూర్యుని వైపు తిరిగింది. లోపలి గొట్టం దెబ్బతిని, ఆ చంద్రనడక ప్రత్యక్ష ప్రసారం అక్కడితో ఆగిపోయింది.

ఇంతవరకు తెర బొమ్మను పట్టుకుని ఉండటం ఒక జబ్బుగానే చెప్పుకున్నాం. దానినే ఒక గుణంగా వాడుకున్నవాళ్లున్నారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్రిక్ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ కాథోడ్ కిరణ నాళిక తెర మీద చుక్కలు పెట్టి వాటిని అంకెలుగా దాచవచ్చునని చూపించారు. చుక్క పడినచోట గాజు మీద కొద్దిపాటి విద్యుదావేశం నిలుస్తుంది. అది సెకనులో కొంత భాగంలోనే కారిపోతుంది కాబట్టి, పోకముందే చదివి మళ్లీ రాస్తూ ఉండాలి. ఇలా ఒకే గొట్టంలో 1024 బిట్లు దాచిన యంత్రం మీద 1948 జూన్ 21న, జ్ఞాపకంలో భద్రపరచిన ప్రోగ్రాము ప్రపంచంలో మొదటిసారి నడిచింది. జవాబు రావడానికి 52 నిమిషాలు పట్టింది. ఈనాటి కంప్యూటర్లోని ర్యామ్ చిప్ కూడా ఆవేశం కారిపోకముందే చదివి తిరగరాసే పద్ధతిలోనే పనిచేస్తుంది.

1964లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, విద్యార్థిగా ఉన్న రాబర్ట్ విల్సన్ ప్లాస్మా తెరను కనిపెట్టారు. దాని వెనకున్న అవసరం మనలాంటి వాళ్లదే: ప్లేటో అనే కంప్యూటర్ బోధన పథకానికి చవకైన తెర కావాలి. అప్పట్లో కంప్యూటర్ మెమరీ ఖరీదు ఎక్కువ. ప్లాస్మా గడి ఒకసారి వెలిగిస్తే గోడల మీద చేరిన ఆవేశం వల్ల తానే వెలుగుతూ ఉంటుంది, అంటే బొమ్మను తెరే గుర్తుంచుకుంటుంది. ఆ తరువాత ఫాస్ఫర్‌తో రంగుల ప్లాస్మా టీవీలు వచ్చినప్పుడు, ఛానెల్ గుర్తులు మూలల్లో ముద్రపడుతున్నాయన్న పాత ఫిర్యాదు మళ్లీ వినిపించింది. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా 2014 నాటికి ఆ టీవీల తయారీ మానేశాయి.

వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చిన కాలంలో మచ్చకు మందు ప్రోగ్రాము రూపంలో వచ్చింది. 1983 డిసెంబరులో జాన్ సోచా అనే ప్రోగ్రామర్ సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో ఒక చిన్న ప్రోగ్రామును ప్రచురించాడు. మూడు నిమిషాలు ఎవరూ మీట తాకకపోతే అది తెరను నల్లగా చేసేది, అంతే. స్క్రీన్ సేవర్ అనే మాటకు అసలు అర్థం ఇదే, తెరను కాపాడేది. 1989లో బర్కిలీ సిస్టమ్స్ వాళ్ల ఆఫ్టర్ డార్క్ వచ్చాక రెక్కల రొట్టె టోస్టర్లు ఎగురుతూ కనిపించడంతో అది వేడుకైంది. మన కాలేజీ ల్యాబుల్లో తెరంతా అల్లుకుపోయే రంగురంగుల గొట్టాలు ఆ సంతానమే. చూడటానికి బాగుండేది, కాని ఈ బొమ్మలు ఏ జబ్బుకు మందో అప్పటికే చాలామంది మరచిపోయారు.

ఇక మన ల్యాప్‌టాప్ తెర. ఇందులో ఫాస్ఫర్ పూత మీద పడే ఎలక్ట్రాన్ పుంజం లేదు. అసలు కథ 1888లో ప్రేగ్‌లో మొదలవుతుంది. ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడిచేస్తే అది 145.5 డిగ్రీల వద్ద మబ్బుగా ఉన్న ద్రవమైంది, 178.5 డిగ్రీల వద్ద తేటపడింది. రెండుసార్లు కరగడమేమిటని ఆయన జర్మనీలోని ఓటో లేమన్‌కు రాశాడు. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా కాంతితో ఆడుకునే ఈ స్థితికి ద్రవ స్ఫటికం అనే పేరు స్థిరపడింది. ఈ రంగంలో మన దేశానికీ చోటుంది. 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్‌లు కడ్డీల్లాంటి అణువులే కాక బిళ్లల్లాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలు కాగలవని కనుగొన్నారు. పక్కనుంచి చూసినా తెర స్పష్టంగా కనిపించేలా చేసే పలచని పొరల్లో ఆ తరువాత ఇలాంటి బిళ్ల అణువులను వాడారు.

1968లో ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్‌మయర్ బృందం తొలి ద్రవ స్ఫటిక తెరలను ప్రదర్శించింది. వాటిలో వెలుగు చెదరాలంటే ద్రవంలోంచి విద్యుత్తు ప్రవహించాలి. అందుకని కావాలనే అయాన్లు కలిపేవాళ్లు. విద్యుత్తు ప్రవహించేచోట రసాయన మార్పు తప్పదు, ముఖ్యంగా ఏకముఖ విద్యుత్తు అయితే ఆ తెరలు త్వరగా పాడయ్యేవి. 1970 చివర స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిష్ వేరే దారి చూపారు. అణువులను మెలితిప్పి పేర్చితే చాలు, విద్యుత్ క్షేత్రంతోనే అవి తిరుగుతాయి, ప్రవాహం అక్కర్లేదు. అంతవరకు అవసరమైన అయాన్లు ఆ రోజుతో మలినాలైపోయాయి. తరువాత ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది ఉష్ణోగ్రతలో చెడిపోకుండా ఉండే సయనోబైఫినైల్ పదార్థాలను తయారుచేసింది. గడియారాలు, కాలిక్యులేటర్లు వెంటనే అందుకున్నాయి.

ఆ మలినాలను ఎంత తీసినా కొద్దిగా మిగులుతాయి. మీ తెరలో రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం మందం కొన్ని మైక్రోమీటర్లే. ఒకే దిశలో క్షేత్రం నిలిచి ఉంటే అయాన్లు ఒకవైపు గోడకు చేరిపోతాయి. అది జరగకుండా సర్క్యూటు ప్రతి ఫ్రేముకూ ధ్రువాలను తారుమారు చేస్తుంది. ఆ తారుమారు అణువంత తేడా లేకుండా జరగాలి. కొంచెం అసమానంగా ఉన్నా, గంటల తరబడి ఒకే బొమ్మ ఉంటే ఆ కొంచెమే కూడుకుంటుంది. అయాన్లు గోడ దగ్గర పేరుకుని తమ సొంత క్షేత్రాన్ని ఏర్పరుస్తాయి. బొమ్మ మారినా ఆ క్షేత్రం వెంటనే పోదు, అక్కడి గడులు కాస్త ఎక్కువగానో తక్కువగానో తెరుచుకుంటాయి. మనకు కనిపించే నీడ అదే. అయాన్లు చెదిరిపోతే నీడ కూడా చెదిరిపోతుంది. ఏదీ కాలలేదు.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. ఒకే బొమ్మను చాలాసేపు చూస్తే కంటిలో కూడా నీడ మిగులుతుంది. చూపు గోడ మీదకు తిప్పితే ఆ నీడ చూపుతో పాటు వస్తుంది. తెర నీడ తెర మీదే ఉంటుంది. రెండో పరీక్ష: స్క్రీన్‌షాట్ తీసి వేరే కంప్యూటర్లో చూడండి. నీడ అందులోనూ ఉంటే తప్పు ప్రోగ్రాముది; లేకపోతే తెరది. మా అమ్మాయి విషయంలో స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంది.

అప్పుడు తెరను పూర్తిగా ఆపి రాత్రంతా వదిలేయమన్నాను. కదిలే బొమ్మల స్క్రీన్ సేవర్ పెట్టడం కంటే ఇదే మేలు, వీధి దీపంలా ఊరికే వెలుగుతూ ఉంటే కరెంటు కూడా దండగ. పొద్దునకి నీడ సగం పోయింది, మర్నాటికి పూర్తిగా పోయింది. ఆ తరువాత నలుపు తెలుపు చదరంగపు గళ్ల బొమ్మ పది నిమిషాలు ఉంచి, వెంటనే తెరంతా బూడిదరంగు చేసి చూశాం. గళ్లు మళ్లీ కనిపించాయి. పది నిమిషాలకే నీడ పట్టిందంటే తెర తయారీలోనే కొంత లోపం ఉంది. 2012లో కొత్తగా వచ్చిన ఎక్కువ చుక్కల ల్యాప్‌టాప్ తెరల మీద కొనుగోలుదారులు చేసిన ఫిర్యాదు కూడా ఇలాంటిదే. అప్పుడు వాళ్లు పరీక్షకు వాడిందీ ఇలాంటి గళ్ల బొమ్మనే.

ఆమెది ద్రవ స్ఫటిక తెర కాబట్టి ఇలా చెప్పగలిగాను. ఓఎల్ఈడీ తెర అయితే నా జవాబు వేరుగా ఉండేది. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ దారి వేసిన ఆ తెరల్లో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, వెలిగినకొద్దీ అందులోని కర్బన పదార్థం వయసు మీరుతుంది. నీలం మిగతా రంగులకంటే ముందు అలసిపోతుంది. అక్కడ పట్టిన నీడ విశ్రాంతితో పోకపోవచ్చు. బ్రౌన్ గొట్టం నాటి మాట దానికి మళ్లీ సరిపోతుంది.

గళ్ల బొమ్మ ఎన్ని నిమిషాలు ఉంచిందీ, నీడ ఎంతసేపటికి పోయిందీ ఒక కాగితం మీద గడియారం చూసి రాయించాను. మార్పిడి గడువు ముగియడానికి ఒక రోజు ముందు ఆమె నాన్నగారిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది. అదే రకం ఇంకో యంత్రాన్ని పక్కన పెట్టించి రెండింటి మీదా ఒకే గళ్ల బొమ్మ పది నిమిషాలు నడిపించింది. రెండో దానిమీద నీడ పట్టలేదు. దాన్నే ఇంటికి తెచ్చుకుంది. తెర అయిదు నిమిషాలకు తానే ఆరిపోయేలా సెట్టింగు పెట్టుకుని, ఆగిపోయిన ప్రాక్టికల్ రికార్డును మళ్లీ మొదలుపెట్టింది.