శాసనముల వ్రాఁతభేదములు – గణకయంత్రము

నెల్లూరిమండలపు శాసనములను బటర్‌వర్తుదొరగారును వేణుగోపాలచెట్టిగారును సేకరించి మూఁడు సంపుటములుగా 1905వ సంవత్సరమునఁ జెన్నపురిలోఁ బ్రకటించిరి. నాఁటినుండి యా తీరముయొక్క చరిత్రము వ్రాయువారి కవి యాధారగ్రంథములు. ఇట్టి సంపుటములలో నొక యూరి పేరో యొక రాజు పేరో వెదకఁబూనినవారికిఁ గలుగు తొలిచిక్కు వ్రాఁతభేదము. ఒకే పేరు శతాబ్దము మాఱినకొలఁది, లిపి మాఱినకొలఁది, యొక్కొక్కతఱి చెక్కినవాని చేయి మాఱినకొలఁది వేఱువేఱుగాఁ గన్పట్టును. ఈ వెదకుపనిని నేఁడు కంప్యూటరను గణకయంత్రమునకు నొప్పగించుచున్నారు. అది చెప్పు నుత్తరము లెంతవఱకు నమ్మఁదగినవో విచారింపవలసియున్నది.

మాటలను బోల్చుటకు యంత్రజ్ఞులు మిక్కిలిగా వాడు ప్రమాణము 1965లో లెవెన్‌ష్టీ ననెడు రుష్యాపండితుఁడు చెప్పినది. ఒక మాటను మఱియొక మాటగాఁ జేయుటకు నెన్ని గుఱుతులు చేర్పవలెనో, తీయవలెనో, మార్పవలెనో లెక్కించి, యా సంఖ్యయే వాని నడిమి దూరమని నిర్ణయింతురు. సంఖ్య తగ్గినకొలఁది మాటలు దగ్గఱవి. దీనిని మన మాటలపైఁ బ్రయోగించి చూతము. కడపమండలమునందలి కలమళ్లశాసనమున 'రేనాణ్డు' అని యున్నది. అదియే పిమ్మట 'రేనాండు', 'రేనాఁడు', 'రేనాడు' అయ్యెను. యంత్రము 'ణ్డ' యనుదానిని ణకారము, పొల్లు, డకారము అని మూఁడు గుఱుతులుగా నెంచును. కావున 'రేనాణ్డు', 'రేనాఁడు' అనువాని దూరము రెండు: ణకారమునకు బదులరసున్న వచ్చెను, పొల్లు పోయెను. ఇఁక నాఁగలి యను నర్థముగల 'ఏరు', నది యను నర్థముగల 'ఏఱు' – వీని దూర మొకటియే. 'ఏడు', 'ఏఁడు' అనువానికిని నొకటియే. అనఁగా నొకే దేశనామపు రెండు రూపములు దూరపువయ్యెను. సంబంధములేని మాటలు దగ్గఱిచుట్టములయ్యెను! శాసనమునఁ గాలము చెప్పుచోట సంఖ్యయగు 'ఏడు' సంవత్సరమగు 'ఏఁడు'తోఁ గలసిపోయినచో నేమగునో పండితులకుఁ జెప్పనక్కఱలేదు. అరసున్న పనికిమాలినదని తలంచువారు దీనిఁ గొంచెము గమనింపవలెను.

ఈ యిక్కట్టు మనకే కాదు. స్కాట్లండు దేశపుఁ బ్రాఁతవ్రాఁతలలో 'క్యూ, యూ, హెచ్' అను మూఁడక్షరములతో నారంభించు ప్రశ్నార్థకపదములు కలవు. ఆంగ్లేయు లా తావున 'డబ్ల్యూ, హెచ్' అను రెంటితో సరిపుచ్చిరి. అక్షరములు లెక్కించు యంత్రమునకు నివియును దూరపువే. ఆ దేశపు వ్రాయసకాండ్రయలవాటు తెలిసినవానికి మాత్రము రెండును నొక్కటి.

కాఁబట్టి ప్రతిమార్పునకు నొకేవెల గట్టుట తగదు. 'ణ్డ' అరసున్నతోడి డకారమగుట భాషాచరిత్రమునఁ గ్రమముగా జరిగినది. దానికిఁ దక్కువవెల చాలును. ఴకారము కొన్నియెడల డకారముగను గొన్నియెడల ళకారముగను మాఱినది. 'చోఴ' యనుదానినుండియే 'చోడ', 'చోళ' యను రూపములు పుట్టినవి. తిక్కనసోమయాజిని బోషించిన మనుమసిద్ధి తెలుఁగుచోడుఁడు. ఆ వంశమువారి శాసనములు వెదకువాఁడు రెండురూపములను వెదకకున్న సగము పోఁగొట్టుకొనును. రేఫభేదము మాత్రము కాలముఁబట్టి తూఁచవలసినది. రెండు రేఫలను వేఱుపఱచి వ్రాసిన కాలమునాఁటి శాసనమున నది యర్థభేదకము. అవి కలసిపోయినపిదప వ్రాఁతభేదము మాత్రమే. ఈ వెలలను గట్టవలసినవాఁడు యంత్రజ్ఞుఁడు గాఁడు, వైయాకరణుఁడు.

నెల్లూరితీరమున నింకొక చిక్కు గలదు. అచ్చటి శాసనములలో నఱవలిపివియు నున్నవి. ఆ లిపిలోఁ గకారగకారముల కొకటే యక్షరము. తెలుఁగున 'గండగోపాల' యనునది యందు 'కణ్డకోపాల' యని కనఁబడును. ఇది తప్పుగాదు, లిపిధర్మము. ఈ సూత్రమును యంత్రమునకుఁ జెప్పినఁ జాలును. కాని కృష్ణపట్టణమునకుఁ బూర్వము కొల్లిత్తురై యనియు గండగోపాలపట్టణమనియుఁ బేళ్లుండెను. ఈ మూఁటిని నే యక్షరగణితమును గలుపఁజాలదు. తెలుఁగువారి 'ప్రళయకావేరి', యఱవల 'పళవేర్కాడు', దొరల 'పులికాటు' – ఇవియు నట్టివే. వీనికి స్థలనామముల పట్టికయే శరణ్యము.

కడపట నొక మాట. ఴకారమునకు యూనికోడను నక్షరసంకేతావళిలోఁ దెలుఁగుక్రింద 2014లోఁగాని స్థానము దొరకలేదు. దానికి మాఱుగా ళకారమో డకారమో వేసి యెత్తిన ప్రతినుండి తొలివ్రాఁతను మరలఁ దెలిసికొనుటకు మార్గములేదు. తేదీలేని శాసనముయొక్క కాలనిర్ణయమున కక్షరరూపములును వ్రాఁతవిధమునే ముఖ్యాధారములు గదా! వెదకుటకు సులువగునని పాఠమునే దిద్దినచో నా సాక్ష్యము నశించును. కావున ఱాతిమీఁది పాఠము నున్నదున్నట్లు నొక వరుసయందుంచి, వెదకుటకై దిద్దిన రూపమును వేఱొక వరుసయందుంచవలెను; ఏ సూత్రముచే దిద్దిరో దాని ప్రక్కనే సూచింపవలెను.