కార్నె పత్రం

స్వదేశంలో రిజిస్టరైన కారును సుంకం కట్టకుండా తాత్కాలికంగా పరదేశానికి తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునేందుకు వీలు కల్పించే అంతర్జాతీయ కస్టమ్స్ పత్రం కార్నె. 1954 జూన్ 4న న్యూయార్క్‌లో కుదిరిన, సొంత వాహనాల తాత్కాలిక దిగుమతి ఒప్పందం దీనికి ప్రధాన ఆధారం. వాడుక అంతకన్నా పాతది.

కార్నె చెల్లుబాటు ఏడాది. ప్రతి పుటకూ మూడు భాగాలుంటాయి. ప్రవేశ చీటీని కారు దేశంలోకి వచ్చినప్పుడు, నిష్క్రమణ చీటీని వెళ్లేటప్పుడు కస్టమ్స్ అధికారులు చించుకుంటారు. ముద్రలు పడిన మూడో భాగం యజమాని దగ్గర మిగులుతుంది. నిష్క్రమణ ముద్ర లేకపోతే కారు అక్కడే ఉండిపోయినట్లు లెక్క. అప్పుడు సుంకం భారం కార్నె జారీ చేసిన ఆటోమొబైల్ సంఘం మీద, చివరికి యజమాని ఇచ్చిన పూచీ మీద పడుతుంది. చిన్నదిగా కనిపించే ఈ ముద్రే మొత్తం వ్యవస్థకు ఆయువుపట్టు.

భారత్‌లో కార్నె జారీ చేసే సంస్థల్లో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఒకటి. కార్నెలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ)తో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఆర్‌సీ, ఏడాది చెల్లే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ రవాణా శాఖ నుంచి పొందాలి. కారును ఓడలో పంపితే 1962 కస్టమ్స్ చట్టం కింద షిప్పింగ్ బిల్లు, ఓడ సంస్థ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ తోడవుతాయి. ఇరాన్, పాకిస్తాన్ కార్నె అడుగుతాయి, అమెరికాకు అక్కర్లేదు.