వాసన వచ్చేసరికే ఆలస్యం: ఈటీవో గదిలో సిబ్బందికి రక్షణ ఎలా?

వేడిని తట్టుకోలేని క్యాథెటర్లు, ప్లాస్టిక్ గొట్టాలను ఆసుపత్రుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ (ఈటీవో) వాయువుతో స్టెరిలైజ్ చేస్తారు. ఇది మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే తేల్చింది.

పరిమితి ఎంత?
అమెరికా నిబంధనల ప్రకారం 8 గంటల సగటు 1 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో ఒక భాగం. 15 నిమిషాల సగటైతే 5 పీపీఎం. ముక్కుకు వాసన తెలిసేది మాత్రం వందల పీపీఎం దాటాకే.

ఎలా కొలుస్తారు?
కాలర్‌కు తగిలించిన బ్యాడ్జిని ల్యాబ్‌లో పరీక్షిస్తే షిఫ్టు సగటు తెలుస్తుంది. లీకైన వెంటనే హెచ్చరించేది గదిలోని అలారం మీటర్. రెండూ ఉండాలి.

ఏం అడగాలి?
తెనాలి, బాపట్ల, రేపల్లె... ఎక్కడ పనిచేస్తున్నా, మీ దగ్గర ఈటీవో యంత్రం ఉంటే ఇవి అడగండి: గాలిని చివరిసారి ఎప్పుడు కొలిచారు? అలారం పనిచేస్తోందా? వాయువు నేరుగా భవనం బయటికి పోతోందా? పరికరాలను 50 డిగ్రీల వద్ద సుమారు 12 గంటలు గాలి ఆడించాకే తీస్తున్నారా?